పది నిమిషాల పిజ్జా, అంతా ఆయనే!

ఆడవాళ్ల కష్టాలు గట్టెక్కించడానికి అవతరించిన వంటకం ఏదైనా ఉందంటే, అది ఇంట్లో చేసుకునే పిజ్జానే! నవ్వకండి. మిక్సీ వల్ల కానిది, వాషింగ్ మెషీన్ వల్ల కానిది, గుప్పెడు చికెన్, రెండు క్యాప్సికమ్‌ల వల్ల అయింది. మగవాడు వంటింట్లో అడుగుపెట్టాడు!

కావాలంటే మన నర్సమ్మనే చూడండి. వారమంతా ఆపరేషన్ థియేటర్లో నిలబడి, డాక్టరుగారు చెయ్యి చాపగానే కత్తెరో, దూదో అందిస్తుంది. సెలవు ఆదివారం ఒక్కటే. ఆ మధ్యాహ్నం ఓ గంట ఒళ్లు తెలియకుండా నిద్రపోవాలన్నది ఆవిడ జీవితాశయం. మరీ గొంతెమ్మ కోరికేం కాదు కదా?

వాళ్లాయన ఇన్సూరెన్స్ ఆఫీసరు. దయామయుడు. ఒక ఆదివారం ఫోన్లో పది నిమిషాల పిజ్జా వీడియో చూసి, "ఇవాళ నువ్వు వంటింటి ఛాయలకే రాకు. హాయిగా పడుకో. అంతా నేనే!" అని ప్రకటించాడు. ఎంత అదృష్టం!

నర్సమ్మ కన్ను మూసిందో లేదో, "ఏమోయ్, ఈస్ట్ ఎక్కడుంది?" అని కేక. లేచి ఇచ్చింది. "పిండి పొంగట్లేదేంటోయ్?" వెళ్లి చూస్తే, ఈస్ట్‌ను మరిగే నీళ్లలో పోసి చంపేశాడు మహానుభావుడు. మళ్లీ కలిపింది. వీడియోలో చికెన్ ముందే ఉడికిపోయి, కూరగాయలు ముందే తరిగేసి, గాజు గిన్నెల్లో ముద్దుగా కూర్చున్నాయట. ఇక్కడ చికెన్ ఇంకా ఫ్రిజ్‌లో గడ్డకట్టుకుని ఉంది.

"కాస్త ఆ గిన్నెల సంగతి నువ్వు చూడు. మిగతాదంతా నేను చూసుకుంటాగా," అన్నాడు.

చికెన్ ఉడికించి, కూరగాయలు తరిగి, గిన్నెల్లో సర్దిపెట్టింది నర్సమ్మ. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మిగతాదంతా ఆయనే చూసుకున్నాడు. ఏప్రాన్ కట్టుకుని, చెయ్యి చాపి "సాస్!" అన్నాడు. అందించింది. "చికెన్!" అందించింది. "చీజ్!" అదీ అందించింది. ఆవిడకి ఆసుపత్రే గుర్తొచ్చింది. కాకపోతే అక్కడ జీతమిస్తారు.

పిజ్జా ఓవెన్లోంచి రాగానే ఫొటోలు. అత్తగారు ఓ ముక్క కొరికి, "మా వాడి చెయ్యి పడితే ఆ రుచే వేరు! పెట్టి పుట్టావే కోడలా," అని కళ్లొత్తుకుంది. కోడలు అప్పటికి సింకు ముందు నిలబడి, ట్రేకి అంటుకుని మాడిన చీజ్‌తో కుస్తీ పడుతోంది. పది నిమిషాల పిజ్జాకి గిన్నెలు తోమేసరికి సాయంత్రమైంది.

ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వచ్చే ఆదివారానికి ఆఫీసు వాళ్లందర్నీ పిలిచేశాడు. "నువ్వేం కంగారుపడకు. అంతా నేనే!"

"సరేనండీ," అంది నర్సమ్మ. మొగుడి మాట మీద గౌరవం కొద్దీ, ఆ ఆదివారం పొద్దున్నే వాళ్లక్క ఇంటికి వెళ్లి, అన్నం తిని, ఫ్యాన్ కింద నడుం వాల్చింది.

ఫోన్ మోగింది. అవతల అతిథుల నవ్వులు, వాటి కింద ఆయన గుసగుస. "అందరూ వచ్చేశారే! ఆ గిన్నెలేవీ? తరిగినవి, ఉడికించినవి... ఎక్కడ పెట్టావ్?"

"వీడియోలో ఉన్నాయి కదండీ, తీసుకోండి," అని ఫోన్ పెట్టేసి, అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు చెప్పండి, పిజ్జా మహోపకారి అవునా కాదా? పెళ్లయిన ఇన్నేళ్లకి ఆ ఇల్లాలు ఆదివారం మధ్యాహ్నం కంటినిండా నిద్రపోయింది! కాకపోతే, అందుకు తన ఇల్లు వదిలి పోవాల్సి వచ్చింది.