రాకెట్టు రింగులు ఐదు తక్కువ

ఆ ఉదయం ఓనరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి రాకెట్ల కంపెనీ నుంచి ఇన్‌స్పెక్టర్ మేడమ్ వస్తుంది. ఆవిడకు ఇరవై టైటానియం రింగులు చూపించాలి, టీ ఇవ్వాలి, సంతకం పెట్టించుకోవాలి. ఇంటి వెనక షెడ్డులో రెండు లేత్ మిషన్లు పెట్టుకుని పద్దెనిమిదేళ్లుగా నీళ్ల మోటార్లకు బుష్‌లు చేసి చేసి విసిగిపోయిన మనిషి ఆయన. ఈ రింగులు పాసైతే ఆయన షాపు పని ఆకాశంలోకి వెళుతుంది. కాకపోతే మళ్లీ బుష్‌లే. అందుకే వారం రోజులుగా ఆయనకు కాలు ఒకచోట నిలవడం లేదు.

చిక్కల్లా ఒక్కటే. కంపెనీ ఇచ్చిన కడ్డీ ముక్కలు ఇరవై అయిదు. వాటిలో అయిదు కొలత తప్పాయి. తప్పడమంటే వెంట్రుక మందంలో పదో వంతు. మోటారు బుష్‌లో దాన్ని ఎవరూ తప్పని కూడా అనరు. లేత్ మీద పనిచేసే ఫోర్‌మన్ కళ్లజోడు బాబాయి మాత్రం అయిదింటినీ పక్కన పెట్టేసి, అలవాటు ప్రకారం ఏదో రాసుకుని, "ఇవి పనికిరావు బాబూ" అని తేల్చేశాడు.

"ఆ అయిదూ ఆవిడ కంట పడకూడదు," అన్నాడు ఓనరు భార్యతో.

"ఉన్నమాట చెప్పేస్తే పోలా?" అంది ఆవిడ. షాపు ఫైళ్లూ ఫోన్లూ అన్నీ ఆవిడే చూస్తుంది.

"భలేదానివే! పద్దెనిమిదేళ్లలో ఏ కస్టమర్‌కైనా పాడైన ముక్క చూపించామా? తప్పులు చేస్తామని తెలిస్తే మనల్ని గడప తొక్కనిస్తారా?"

ఆవిడ నిట్టూర్చి, అయిదు రింగుల్నీ గుడ్డసంచీలో వేసి వంటింటి గట్టు కింద దాచింది. తల్లికి ఆ సంగతి చెప్పడం మర్చిపోయింది.

ఓనరు అత్తగారికి ఎవరి చేతిలోనైనా ఏదైనా పెట్టందే తోచదు. అరచేతిలో ఇమిడే తళతళలాడే రింగులు అయిదు దొరికితే ఊరుకుంటుందా? పనికిరానివి కాబట్టే గట్టు కింద పడేశారనుకుంది. "మా అల్లుడు చేసినవి! రాకెట్టువి!" అంటూ వీధిలో పంచేసి తృప్తిగా ఇంటికొచ్చింది.

మేడమ్ సరిగ్గా పదింటికి వచ్చింది. మాట బహు పొదుపు. ఒక్కో రింగూ కొలిచి కాగితం మీద టిక్కు పెడుతుంటే ఓనరు మొహం చేటంత అవుతూ వచ్చింది. ఇరవయ్యో టిక్కుకి ఆయన నేల మీద లేడు.

"ఇరవై బావున్నాయి," అంది మేడమ్. "మేం ఇచ్చినవి ఇరవై అయిదు. మిగతావి ఏవి?"

ఈ ప్రశ్న పథకంలో లేదు.

"స్టోర్‌లో ఉన్నాయండి, ఇంకా ముట్టుకోలేదు," అన్నాడు ఓనరు.

"కొరియర్‌లో మీకే పంపించేశామండి," అంది సరిగ్గా అదే క్షణంలో టీ తెచ్చిన భార్య.

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే బిస్కెట్ల పళ్లెంతో అత్తగారు ప్రవేశించింది.

"ఆ అయిదేనా అమ్మా? అన్నీ పంచేశాగా! కావాలంటే మా అల్లుడు మళ్లీ చేసిస్తాడు."

మేడమ్ పెన్ను ఆగిపోయింది. "పంచేశారా? మేమిచ్చిన ప్రతి ముక్కకీ మేం జవాబు చెప్పాలి. పాడైనదొకటి తిరిగొచ్చి మంచివాటిలో కలిసిందనుకోండి, పైన ఏమవుతుందో తెలుసా? గంటలో అయిదూ నా ముందుండాలి. లేకపోతే ఈ ఇరవై కూడా తుక్కే."

ఓనరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. వెనక భార్య, ఆమె వెనక దారి చూపిస్తూ అత్తగారు, చివర కాగితాలతో మేడమ్.

మొదటిది టైలర్ కుట్టుమిషన్ కాలి కింద ఉంది. "పొద్దుటి నుంచే కదా ఇది ఊగడం మానింది, ఇప్పుడు తీస్తే ఎలా?" అన్నాడాయన. నాలుగు మడతలు పెట్టిన అట్టముక్కతో బేరం కుదిరింది. రెండోది పక్కింటి పసివాడి నోట్లో ఉంది. వాడు దాన్ని వదలాలంటే బదులుగా స్కూటర్ తాళాలు ఇవ్వాల్సి వచ్చింది. మూడోది మాస్టారి చేపల తొట్టిలో ఉంది. ఓనరు భుజం దాకా చెయ్యి ముంచి తీశాడు. నాలుగోదాని మీద ఎదురింటావిడ అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నె పెట్టింది. దాన్ని అందుకున్న ఓనరు వేసిన కేకకు, చూడనివాళ్లు కూడా వచ్చి ఊరేగింపులో కలిశారు.

"అయిదోది ఎక్కడ అత్తయ్యా?"

అత్తగారు తల దించుకుని కొంగుముడి విప్పింది. "ఇది నేనే దాచుకున్నా బాబూ. రాకెట్టు ఎగిరిన రోజు చేతిలో పట్టుకుని చూద్దామని."

కోప్పడదామని నోరు తెరిచిన ఓనరు, రెండు చేతులూ చాచి ఆ రింగు అందుకున్నాడు.

తడిదీ, ఎంగిలిదీ, వేడిదీ అయిదూ బల్ల మీద చేరాయి. మేడమ్ వాటి మీది నంబర్లు చూసింది. "ఇవి ఎందుకు తప్పాయి?"

"అబద్ధం ఆడానండి," అన్నాడు ఓనరు. "తప్పులున్నాయంటే పని పోతుందని భయపడ్డాను. ఎందుకు తప్పాయో మాత్రం నిజంగా నాకు తెలీదు."

"నాకు తెలుసు," అన్నాడు కళ్లజోడు బాబాయి. జేబులోంచి నూనె మరకల నోటుపుస్తకం తీసి, గొంతు సవరించుకుని చదవసాగాడు.

"ఏడో నంబరు. టూల్ అరిగింది, మార్చడం ఆలస్యం చేశాను. తప్పు నాది. పదకొండు. మిషన్ తిరుగుతుండగా ఓనరు గారు వచ్చి 'అయిందా?' అన్నారు. పద్నాలుగు. మళ్లీ వచ్చి 'ఇప్పుడైనా అయిందా?' అన్నారు. పంతొమ్మిది. సంతోషం పట్టలేక నా భుజం తట్టారు. ఇరవై రెండు. జరుగు బాబాయ్, ఒకటి నేను చేస్తానన్నారు."

కిటికీలోంచి చూస్తున్న వీధి వీధంతా ఘొల్లుమంది. ఓనరు నేల చూపులు చూశాడు. ఎంతో ఆపుకున్నా మేడమ్‌కి కూడా నవ్వు ఆగలేదు.

"ఈ నెలలో తొమ్మిది షాపులు చూశాను," అంది కళ్లు తుడుచుకుంటూ. "తొమ్మిదింట్లోనూ ఒక్క తప్పు కూడా జరగలేదట! ఎవరికీ పని ఇవ్వలేదు. ఎక్కడ, ఎందుకు, ఎవరివల్ల తప్పిందో రాసుకున్న షాపు ఇదొక్కటే. వచ్చే నెల నుంచి రెండు వందల రింగులు చేయండి."

ఓనరు ఎగిరి బాబాయిని వాటేసుకున్నాడు. భార్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారు అప్పుడే వీధికి కబురు చెప్పడానికి గుమ్మం దాటింది.

"ఒక్క షరతు," అంది మేడమ్ సంతకం పెట్టేముందు. "ఈ తప్పులకి మూలకారణాన్ని మిషన్ దగ్గరికి రాకుండా చేశామని రాసివ్వాలి."

సాయంత్రానికల్లా షెడ్డు తలుపుకి లోపలివైపు, బాబాయి వేసుకోవడానికి, కొత్త గడియ వచ్చింది. బిగించింది మూలకారణం గారే, ఈల వేసుకుంటూ.