డాక్టర్ గారి పెరట్లో రెండు పెకాన్ చెట్లు

మిల్టన్ కీన్స్ గ్రిడ్‌రోడ్ తెలుగు సమాఖ్య సభ్యులకు తెలియజేయునది: ఈ నెల పద్నాలుగున, శనివారం ఉదయం పదకొండు గంటలకు, కమ్యూనిటీ హాల్లో డాక్టర్ ఉమామహేశ్వరరావు గారు 'పెరటి పెకాన్: ఎంపిక, పెంపకం' అనే అంశంపై ప్రసంగిస్తారు. భోజనం ఉంది.

డాక్టర్ గారి అర్హతను శంకించకండి. పెకాన్ అక్రోటుకి దగ్గర చుట్టం. ఎండలు బాగా కాసే దేశాల్లో వంద అడుగులు పెరుగుతుంది. ఆయన దాన్ని ముప్పై అడుగుల పెరట్లో, ఎండ కాస్తే వార్తయ్యే ఇంగ్లండ్‌లో పెంచారు. ఒకటి కాదు, రెండు. తొమ్మిదేళ్ళలో ఒక్క కాయా కాయలేదు. ఇంత అనుభవం సమాఖ్యలో మరొకరికి లేదు.

మొక్కలు కొన్నప్పుడు నర్సరీ అతను రెండు వేర్వేరు రకాలు తీసుకోమన్నాడు. డాక్టర్ గారు వినలేదు. ఒకే తల్లిచెట్టు నుంచి అంటుకట్టినవి ఏరి తెచ్చారు.

"తెలిసిన కుటుంబం. రేపు ఏ గొడవా ఉండదు," అని భార్య లక్ష్మీకుమారికి చెప్పారు. ఆవిడ రెండింటికీ పసుపు, కుంకుమ పెట్టారు.

నిజంగానే ఏ గొడవా రాలేదు. కాయలూ రాలేదు. ఎరువులు మార్చారు. చలికి దుప్పట్లు కప్పారు. ఈశాన్యంలో బరువు పనికిరాదని ఒక చెట్టును, నిలువుగా దిగిన తల్లివేరు తెంపి మరీ, నైరుతికి మార్చారు. చివరికి ఈ వసంతంలో ఆ నర్సరీ అతన్నే పిలిపించారు. ఒకే రకం చెట్లలో పుప్పొడి రాలే రోజులకు ఆడపూలు సిద్ధంగా ఉండవనీ, పుప్పొడి వేరే రకం నుంచి రావాల్సిందేననీ అతను టీ తాగుతూ చెప్పాడు. డాక్టర్ గారికి కళ్ళు తెరుచుకున్నాయి. వారం తిరక్కుండా ఒక చెట్టు పీకించి, కెంట్ నుంచి ఊరూ పేరూ తెలియని కొత్త రకం తెప్పించారు.

"బయటి సంబంధం తప్పదు లక్ష్మీ. ప్రకృతే చెబుతోంది," అన్నారు.

మరుసటి ఆదివారం కూతురు మాయ వచ్చింది. న్యూకాసిల్‌లో డాక్టరు, వయసు ముప్పై నాలుగు. ఆ తొమ్మిదేళ్ళుగానే ఆమెకూ మనవాళ్ళలో సంబంధాలు చూస్తున్నారు. కొత్త మొక్కకు నీళ్ళు పోస్తున్న తండ్రి దగ్గరికి వెళ్ళి, తనతో పనిచేసే శ్రీకర్‌ని పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పింది.

"హీ ఈజ్ తెలుగు, డాడ్. ఏలూరు."

"తెలుగైతే సరిపోతుందా అమ్మా? వాళ్ళు మనవాళ్ళు కాదు."

మాయ మొక్క వైపు చూసింది. "అండ్ దిస్ వన్?"

"అది చెట్టు తల్లీ. దానికి కాయలు కాయాలి."

 వెళ్ళేముందు మాయ తల్లి చేతిలో శుభలేఖ పెట్టింది: పద్నాలుగో తారీకు, ఉదయం పదకొండు, న్యూకాసిల్ రిజిస్టర్ ఆఫీసు. ప్రసంగానికి తేదీ చెప్పమని సమాఖ్య అడిగితే, డాక్టర్ గారు క్యాలెండర్ చూసి మరీ ఆ పద్నాలుగే ఇచ్చారు. ఆ పూట పెళ్ళికి ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక కారణం ఉండాలి కదా.

చిన్న సవరణ: ఆ రోజు పులిహోర లక్ష్మీకుమారి గారు చేయడం లేదు, టేక్‌అవే నుంచి వస్తుంది. ఆవిడ న్యూకాసిల్‌కి రైలు టిక్కెట్టు కొనుక్కున్నారు.

సభ్యులందరికీ రెండు ఆహ్వానాలూ అందాయి. ప్రసంగానికి ఇప్పటికి నూట పన్నెండు మంది పేర్లిచ్చారు. అది ముగిశాక అదే హాల్లో వివాహ పరిచయ వేదిక. కుర్చీలు ఎప్పటిలాగే కులాలవారీగా వేస్తాం. మీవి ఎటువైపో బోర్డులు ఉండవు. ఇంతవరకూ ఎవరూ తప్పుగా కూర్చోలేదు.