నోటి మీద వేలు

ప్రత్తిపాడు పక్కనున్న మా ఊరి ప్రాథమిక పాఠశాలలో అల్లరి అనే జబ్బును సమూలంగా నిర్మూలించినట్టు ప్రధానోపాధ్యాయులు రాధాకృష్ణమూర్తి గారు ప్రకటించారు. ఆ రోజు బడిలో పిచ్చుకలు తప్ప నోరెత్తిన ప్రాణి లేదు.

వైద్యం చాలా తేలిక. గేటు దాటి లోపలికొచ్చిన ప్రతి పిల్లా, పిల్లవాడూ కుడిచేతి చూపుడువేలు పెదవులకు ఆనించి ఉంచాలి. రాసుకునేటప్పుడు ఎడమచేతి వేలు చాలు. మరి ప్రశ్నలకు జవాబులెలా చెబుతారని రెండో తరగతి టీచరు బాలత్రిపురసుందరి సందేహం వెలిబుచ్చింది. ప్రశ్నలు అడక్కపోతే సరిపోతుందని సారు సెలవిచ్చారు. ఆనాటి నుంచి చదువు సాఫీగా సాగిపోయింది. మధ్యాహ్నం అన్నం నోట్లోకే వెళ్లాలి గనక, ఆ కాసేపు వేలికి సడలింపు ఇచ్చారు.

ఊరు మురిసిపోయింది. "మావాడు ఇంట్లో కూడా పలకడం మానేశాడండీ, ఎంత హాయిగా ఉందో!" అంటూ ఒక తండ్రి సారుకి దండ వేశాడు. తల్లిదండ్రుల కమిటీ ఛైర్మన్ వీరాంజనేయులు గారు గుంటూరు నుంచి సాయికౌశిక్ అనే వ్యక్తిత్వ వికాస నిపుణుణ్ణి పిలిపించి, సోమవారం అభినందన సభ ఏర్పాటు చేశారు.

అంతకుముందు రోజు ఛైర్మన్ గారి కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే పని పడింది. కూలీలు చాలలేదు. పిల్లలకు శ్రమ విలువ తెలియాలని ఆయన వాళ్లనీ రమ్మన్నారు. తల్లులే వెంటబెట్టుకొచ్చారు. పొద్దుగూకేదాకా పిల్లలు శ్రమ విలువ తెలుసుకున్నారు. ఎంత కడిగినా మిరప ఘాటు వేళ్లను ఒక పట్టాన వదలదు.

మర్నాడు ఆ వేళ్లనే పెదవుల మీద పెట్టుకుని పిల్లలు వరుసల్లో కూర్చున్నారు.

"క్రమశిక్షణ లేని జీవితం బ్రేకుల్లేని బస్సు!" అన్నారు సాయికౌశిక్ గారు. ముందు వరుసలో కళ్లు ఎర్రబడ్డాయి. "మీరే రేపటి నాయకులు!" అన్నారు. రెండో వరుసలో కన్నీళ్లు ధారకట్టాయి. ఆయన ఎన్నో కాలేజీల్లో మాట్లాడారు గానీ, ఒక్క కన్నయినా తడవడం చూడలేదు. "ఈ పసి హృదయాలు ఎలా కరిగిపోతున్నాయో చూడండి!" అని గద్గదంగా అని, ప్రసంగాన్ని పొడిగించారు. పెద్దలు చప్పట్లు కొట్టారు.

సుందరి టీచరు లేచి, సారు పక్కకొచ్చి, "పిల్లల వేళ్లకి కారం ఉందండి. మూతులు మండుతున్నాయి. కడిగించుకొస్తాను సార్," అంది మెల్లగా.

"సభ మధ్యలో లేచి తిరగడం క్రమశిక్షణేనా అమ్మా? మీరే ఇలా చేస్తే పిల్లలకేం నేర్పుతాం?"

ఆమె వెళ్లి కూర్చుంది.

ఇంతలో రెండో తరగతి అఖిల కన్నీళ్లు తుడుచుకోబోయి, అదే వేలితో కన్ను నులుముకుంది. "టీచర్! మండిపోతోంది టీచర్!" అని కేక పెట్టింది.

సుందరి టీచరు ఈసారి ఎవర్నీ అడగలేదు. అఖిలను చంకనేసుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తుతూ, "వేళ్లు తీసెయ్యండర్రా! అందరూ రండి!" అని అరిచింది. బడి మొత్తం లేచింది. ఏడుపులు, తోపులాటలు, నీళ్లు చిమ్ముకోవడాలు. నిర్మూలించిన జబ్బు ఒక్క నిమిషంలో తిరగబెట్టింది. నిపుణులు మైకు పట్టుకుని ఖాళీ పట్టాల వంక చూస్తూ ఉండిపోయారు.

సాయంత్రం అత్యవసర సమావేశం పెట్టారు. తప్పు మిరపకాయలది కాదని ఛైర్మన్ గారు, వేలిది కాదని సారు తేల్చిచెప్పారు. టీచరమ్మ కంగారు పడకపోతే పిల్ల దానంతటదే సర్దుకునేదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

"కన్ను వాచిపోయిందండి! వెంకటేశ్వరమ్మ గారూ, మీరు చూశారు కదా, చెప్పండి," అని సుందరి టీచరు అఖిల తల్లి వైపు తిరిగింది.

వెంకటేశ్వరమ్మకు ఛైర్మన్ గారి కల్లంలో ఇంకా కూలిపని ఉంది. ఆమె తలొంచుకుని, ఒళ్లో కూర్చున్న కూతురి జడ రిబ్బను విప్పి మళ్లీ కట్టింది.

ఈ టీచరు మా ఊరికి వద్దని తీర్మానం చదివారు. "అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పండి," అన్నారు ఛైర్మన్ గారు, ప్రజాస్వామ్యం మీద గౌరవంతో.

వాచిన కంటితో అఖిల లేచి నిలబడింది. "మా టీచర్ని పంపించొద్దు!"

తల్లి చప్పున లాగి కూర్చోబెట్టి, అరచేత్తో దాని నోరు మూసింది. ఇంకెవరూ లేవలేదు. తీర్మానం ఏకగ్రీవమైంది.

అఖిల మాట లెక్కలోకి రాదు. చిన్నపిల్ల. మాలాగా పెద్దవ్వడానికి ఇంకా చాలా నేర్చుకోవాలి.