స్వరూప మూడో డ్రాఫ్ట్

అంతర్జాతీయ యువ స్క్రీన్‌ప్లే రచయితల వర్క్‌షాప్‌లో మొదటి రోజు ఉదయం, రవళి రాసిన కథానాయికకు ఎడమ కాలు కుంటిదైతే బాగుంటుందని గురువులు సూచించారు. మధ్యాహ్నం భోజనాల వేళకు రవళి వాళ్లమ్మ స్వరూప కుంటుకుంటూ వచ్చి, ప్లేటు పట్టుకుని వరసలో నిలబడింది.

ఇందులో ఎవరూ ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. వర్క్‌షాప్ నిబంధనల్లో ఈ సంగతి ఉంది. నిజ జీవితం ఆధారంగా కథ రాసినవాళ్లు తమ ప్రధాన పాత్రను వెంట తెచ్చుకోవాలి. పాత్రకు భోజనం, వసతి ఉచితం. గురువులు చెప్పిన మార్పును రచయిత తన చేత్తోనే టైపు చేసి సేవ్ చేయాలి. సేవ్ చేసిన కాసేపట్లో అది పాత్రకు, పాత్ర చుట్టూ ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. హైదరాబాద్ శివార్లలోని ఆ రిసార్టులో, సమన్వయకర్త ప్రద్యుమ్న ఇదంతా వైఫై పాస్‌వర్డు చెప్పే గొంతుతోనే చెప్పాడు. రచయితల జ్ఞాపకాలకు మాత్రం మార్పులు వర్తించవని కూడా చెప్పాడు.

"అదెందుకు?" అని ఎవరో అడిగారు.

"ముందు ఎలా ఉండేదో ఒక్కరికైనా గుర్తుండాలి కదండీ. లేకపోతే స్క్రిప్టు మెరుగుపడిందని ఎలా తెలుస్తుంది?" అన్నాడు ప్రద్యుమ్న.

రవళిది జగిత్యాల. సినిమా రచయిత్రి కావాలని కృష్ణానగర్‌లో గది తీసుకుని, చాలా ఏళ్లుగా ఇతరుల సినిమాలకు పేరు లేకుండా సీన్లు రాస్తోంది. ఆమె రాసిన మాటలకు థియేటర్లో జనం ఈలలు వేసేవారు. తెర మీద పేరు వేరేవాళ్లది పడేది. ఎన్నో దేశాల నుంచి వచ్చిన కథల్లో ఆమె కథను ఈ వర్క్‌షాప్‌కు ఎంపిక చేశామని మెయిల్ వచ్చినప్పుడు ఆమె చాలాసేపు ఏడ్చింది. మెయిల్లో మొదటి మాట 'ప్రియమైన రచయిత్రి' అని ఉంది. అప్పటివరకూ ఆమెను ఎవరూ అలా పిలవలేదు.

ఆ కథ వాళ్లమ్మది. స్వరూప బస్సు కండక్టరు. ఆమె డ్యూటీలో ఉన్న బస్సు కోసం, ముందు వచ్చిన బస్సును వదిలేసి మరీ నిలబడే ప్రయాణికులుండేవారు. టికెట్ తీసుకోకుండా మూట మీద కూర్చున్న పెద్దమనిషితో, "కాకా, మూటకు టికెట్ గొట్టాల్నా, నిన్నే మూట లెక్క పైకెక్కియ్యాల్నా?" అనేది. ఒకసారి బస్సులో జేబుదొంగ దొరికాడు. జనం వాణ్ని కొడుతుంటే స్వరూప మధ్యలో దూరి, "ఆగున్రి, ముందుగాల టికెట్ తీస్కోనియ్యున్రి. పోలీస్ స్టేషన్ దాక ఉత్తగనే వస్తడా?" అంది. దొంగతో సహా బస్సంతా నవ్వింది. రవళి స్క్రిప్టు ఆ దొంగతోనే మొదలవుతుంది. ఇంటి దగ్గర నాన్న రాజేశం ఉంటాడు. దర్జీ. భార్య డ్యూటీ దిగి వచ్చేసరికి అన్నం వండి, వేడినీళ్లు పెట్టి, ఆ రోజు బస్సులో ఏం జరిగిందో వినడానికి మిషను ఆపేసి కూర్చుంటాడు. కథ అంతే. ఇద్దరు మనుషులు రోజూ నవ్వుకుంటారు.

గురువులు ఇద్దరు. ఎలెనా యూరప్ నుంచి వచ్చింది. మాట్లాడేటప్పుడు అరచెయ్యి గుండె మీద పెట్టుకుంటుంది. సమర్ వాధ్వా ముంబైలో ఒక ఓటీటీ కంపెనీకి కథలు ఎంపిక చేస్తాడు. మాటలు ఇంగ్లీషులో సాగేవి.

"చదువుతూ ఎంత నవ్వానో!" అంది ఎలెనా మొదటి రోజు. "కానీ ఆమె నొప్పి ఏమిటి?"

"మోకాళ్ల నొప్పులున్నాయండీ. రోజంతా నిలబడే ఉద్యోగం కదా" అంది రవళి.

గురువులిద్దరూ ప్రేమగా నవ్వారు. అలాంటి నొప్పి సరిపోదన్నారు. కనబడాలి, కెమెరాకు అందాలి అన్నారు. అలా కుంటి కాలు వచ్చింది.

భోజనాల దగ్గర స్వరూప కూతురి పక్కన కూర్చుని కాలు చాపుకుంది. "కాలేందే గిట్లైంది?"

"నేనే రాసిన్నమ్మా."

"నాకొక మాట జెప్పద్దా? చెప్పు తెగిందేమో అనుకొని రెండుమాట్ల ఇప్పి చూస్కున్న." ఆమె కాసేపు అన్నం కలిపింది. "గిట్లైతే నీకు మంచిగైతదా?"

"అయితదంటున్నరు."

"అయితే సరితియ్. బస్సుల అందరు తూల్తనే ఉంటరు. నేను కుంటుతున్ననని ఎవ్వలకు తెలుస్తది?"

పక్క బల్ల దగ్గరి వంటవాళ్లు కూడా నవ్వారు. రవళి నవ్వలేకపోయింది. ఆ మాట స్క్రిప్టులో పెట్టుకోవచ్చని మాత్రం అనుకుంది.

పెట్టుకునే అవకాశం రాలేదు. రెండో రోజు విషయం నవ్వు. హాస్యం సరిహద్దులు దాటదని సమర్ వివరించాడు. దొంగకు టికెట్ కొట్టడంలోని తమాషా సబ్‌టైటిల్స్‌లో చచ్చిపోతుందన్నాడు. "దుఃఖానికి వీసా అక్కర్లేదు రవళీ. ఏ దేశంలోనైనా దిగుతుంది." దొంగను జనం కొడుతుంటే కండక్టరు నిస్సహాయంగా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడాలన్నాడు. ఆ మౌనంలోంచి కథ మొదలవ్వాలి. రవళి అమ్మ మాటల్ని ఒక్కొక్కటే సెలెక్టు చేసి తీసేసింది. తీసేసిన చోట 'ఆమె ఏమీ మాట్లాడదు' అని రాసింది. ఒకే వాక్యం కాబట్టి కాపీ చేసి అతికించుకుంటే సరిపోయింది.

ఆ సమయంలో స్వరూప టీ కౌంటర్ దగ్గర ఉంది. పొద్దుటి నుంచి టీ పోసే అతనికి బస్సు కబుర్లు చెబుతోంది. జాతరకు మేకపోతుతో ఎక్కిన ముసలామె దగ్గరికి వచ్చేసరికి నోరు తెరిచి ఆగిపోయింది. టీ పోసే అతను నవ్వడానికి సిద్ధంగా కాసేపు ఎదురు చూశాడు. తర్వాత కప్పులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

అదే రోజు బెకా వెళ్లిపోయాడు. బెకా జార్జియా దేశం వాడు. పావురాలు పెంచే పోస్టుమాన్ అన్నను తీసుకొచ్చాడు. ఆ అన్న యుద్ధంలో రెండు చేతులూ పోగొట్టుకున్నవాడైతే పావురాలకు అర్థం పెరుగుతుందని గురువులు అన్నారు. బెకా అన్న చేతుల వైపు చూశాడు. ల్యాప్‌టాప్ మూసేశాడు. "మా అన్నకు అర్థం వద్దు" అని, అతని చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఎవరూ ఆపలేదు, తిట్టలేదు. టీ విరామంలో అతని కుర్చీ తీసేసి, మిగతావి కాస్త దూరదూరంగా జరిపారు. అందరికీ కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికింది.

సాయంత్రం గదిలో స్వరూప మాటలు వెతుక్కుంటున్నట్టు అంది. "మనం గూడ పోదామా, బిడ్డా?"

"ఇంకొన్ని దినాలేనమ్మా. గింతదూరమొచ్చినం."

స్వరూప తలూపింది.

మూడో రోజు రాజేశం గురించి చర్చ జరిగింది.

"ఈ భర్తను ఎవరూ నమ్మరు" అన్నాడు సమర్. "అన్నం వండి, భార్య కోసం ఎదురుచూస్తాడా? మీ ప్రాంతంలోనా?"

"మా నాన్న అంతేనండీ. నిజంగానే."

"నిజం వేరు, నమ్మదగింది వేరు" అంది ఎలెనా మృదువుగా. అరచెయ్యి గుండె మీదికి వెళ్లింది. "నిన్ను నేను అర్థం చేసుకోగలను. కానీ అతను మంచివాడైతే ఆమె దేనితో పోరాడుతుంది? అతను ఆమెను కొట్టేవాడైనా కావాలి, లేదా చనిపోయైనా ఉండాలి. నీ కథ ఇది. నిర్ణయం పూర్తిగా నీదే."

ఆలోచించుకోవడానికి పావుగంట విరామం ఇచ్చారు. రవళి తోటలోకి వెళ్లి నాన్నకు ఫోన్ చేసింది. రాజేశం వెనక మిషను చప్పుడు ఆగింది. "తిన్నవా బిడ్డా? మీ అమ్మ తిన్నదా? నవ్విస్తున్నదా అందర్ని?" అన్నాడు. రవళి అన్నింటికీ కలిపి ఊఁ అంది. "నాయినా, నీకు బతుకు మీద ఆశ ఉన్నదా?" అని అడిగింది. "గదేం ప్రశ్ననే? ఉన్నది. మస్తుగున్నది. మీ సినిమ చూడద్దా?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆమె నిర్ణయం తీసుకుంది. చంపలేదు. బతికుంటే తర్వాతి డ్రాఫ్టులో ఎప్పుడైనా బాగు చేసుకోవచ్చనుకుంది. లోపలికి వెళ్లి, రాజేశం తాగి వచ్చే సీను ఒకటి, అన్నం పళ్లెం విసిరే సీను ఒకటి, ఇస్త్రీ పెట్టె సీను ఒకటి రాసింది. బాగా రాసింది. చదువుతూ ఎలెనా కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు నీ గొంతు వినబడింది" అంది. రవళికి సంతోషమేసింది. సేవ్ చేసింది.

గదికి వెళ్లేసరికి స్వరూప మంచం అంచున కూర్చుని ఉంది. ఎడమ ముంజేతి మీద ఇస్త్రీ పెట్టె మొన ఆకారంలో ఒక మచ్చ. పాతది, ఎప్పుడో మానిపోయింది. రవళి చెయ్యి చాపితే స్వరూప చప్పున తల పక్కకు తిప్పుకుని, మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కూతుర్ని గుర్తుపట్టి చెయ్యి దించింది.

రవళి మళ్లీ ఇంటికి ఫోన్ చేసింది. గొంతు నాన్నదే. "నీయవ్వ, ఎవర్నడిగి పోయింది అది? ఇంటికి రానీ దాన్ని" అని ఫోన్ పెట్టేశాడు.

చివరి రోజు సినిమా కంపెనీల ముందు కథ చెప్పాలి. రవళి వేదిక మీద చెబుతుంటే పక్కన స్వరూప తల వంచుకుని నిలబడింది. ముగిశాక హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నాలుగైదు దేశాలవాళ్లు ఒక్కలాగే ఏడ్చారు. ఎలెనా వచ్చి స్వరూపను కౌగిలించుకుని "ఎంత ధైర్యవంతురాలు!" అంది. భుజం మీద చెయ్యి పడగానే స్వరూప ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటును కూడా జనం మెచ్చుకున్నారు.

రవళి కథను సమర్ కంపెనీయే తీసుకుంది. సంతకాలయ్యాక ఆమె ప్రద్యుమ్నను పక్కకు పిలిచింది.

"నాన్న సీన్లు కొంచెం మార్చుకుంటానండీ. మొదటి డ్రాఫ్టు నా దగ్గర ఉంది."

"సారీ అండీ, ఎంపికైన డ్రాఫ్టును ముట్టుకోవడానికి లేదు. ఇప్పుడది మీ ఒక్కరిది కాదు కదా" అన్నాడు ప్రద్యుమ్న. అతను మర్యాదస్తుడు. బస్టాండుకు కారు ఏర్పాటు చేశాడు.

తల్లీకూతుళ్లు బస్సులో జగిత్యాల వెళ్లారు. స్వరూపను ఎరిగిన కండక్టరు, "అక్కా, ఒక జోకెయ్యవే, నిద్రొస్తున్నది" అనబోయి, తనెందుకలా అనబోయాడో తెలియక టికెట్ మిషను నొక్కుకుంటూ ముందుకు వెళ్లాడు.

కొన్నాళ్లకు కంపెనీ న్యాయ విభాగం నుంచి ఒక యువకుడు ఇంటికి వచ్చాడు. సినిమా మొదట్లో 'యథార్థ సంఘటనల ఆధారంగా' అని వేయాలంటే ముందు విచారించాలి. కథలో అబద్ధం దొరికితే వీక్షకులను మోసం చేసినట్టవుతుంది. ఈ విషయంలో కంపెనీ చాలా కచ్చితంగా ఉంటుంది.

అతను ముందు పక్కింటి పోశవ్వను అడిగాడు.

"ఎర్కలేందేమున్నది సారూ? రోజు కొడ్తడు. గోడవతల మాకన్ని ఇనబడ్తనే ఉంటయ్" అంది పోశవ్వ. ఎన్నో ఏళ్లు ఆ గోడకు అవతలి నుంచి నవ్వులు విని, "ఏందే స్వరూప, మాకు గూడ జెప్పరాదు?" అని అరిచింది ఆమే.

"మరి మీరెవరూ ఆపలేదా?"

"మొగుడు పెండ్లాల నడుమ మేమెందుకు వోతం సారూ?"

యువకుడు తలూపాడు. ఏ వీధిలో విచారించినా వచ్చే జవాబే అది. ఇంట్లోకి వచ్చి స్వరూపను నాలుగు అడుగులు నడవమన్నాడు. చేతి మీది మచ్చను చూశాడు. మిషను దగ్గర కూర్చున్న రాజేశాన్ని అడిగితే అతను తలెత్తకుండానే, "కొడ్త. నా పెండ్లాం, నా ఇష్టం. మీకేంది?" అన్నాడు. యువకుడు థాంక్యూ చెప్పాడు. స్వరూప టీ తెచ్చింది. కప్పు చేతులు మారేటప్పుడు కొన్ని చుక్కలు కుట్టుబట్ట మీద పడ్డాయి. రాజేశం లేచి ఆమె చెంప మీద కొట్టి, మళ్లీ కూర్చుని కుట్టడం మొదలుపెట్టాడు. యువకుడు ఇబ్బందిగా కిటికీలోంచి బయటికి చూస్తూ టీ తాగాడు.

"ఎక్కడా అతిశయోక్తి లేదండీ" అన్నాడు వెళ్లేముందు రవళితో. "చాలామంది కల్పించి రాస్తారు. మీరు ఉన్నదున్నట్టు రాశారు."

అతను వెళ్లాక స్వరూప వంటింటి గడప మీద కూర్చుంది. రవళి తడిగుడ్డ తెచ్చి ఆమె చెంప మీద అద్దింది. ఈసారి స్వరూప ముఖం తిప్పుకోలేదు.

"బిడ్డా" అంది గొంతు తగ్గించి, "ఒక్కటి అడుగుత. నాకేమో అప్పుడప్పుడు అనిపిస్తది, మీ నాయిన నాకోసం అన్నం వండి పెట్టుకొని కూసున్నట్టు. నేనేదో చెప్తుంటే నవ్వుతున్నట్టు. గది ఎప్పుడన్న అయిందా? నీకేమన్న యాదికున్నదా?"

ఆ ఊళ్లో అది గుర్తున్న మనిషి రవళి ఒక్కతే. మిషను చప్పుడు ఆగింది. రాజేశం దారం తెంపుకుంటున్నాడు. రవళి గుడ్డను మళ్లీ నీళ్లలో ముంచి పిండింది.

"లేదమ్మా. కలొచ్చినట్టున్నది" అంది.

"గంతేనా" అంది స్వరూప. కాస్త తేలికపడ్డట్టు లేచి, కుంటుకుంటూ వెళ్లి పొయ్యి వెలిగించింది.