పచ్చ దీపం వెలగాలంటే

మనిషి బాధలన్నిటినీ సున్నా నుంచి నాలుగు దాకా ఉన్న అంకెల్లో ఇమిడ్చవచ్చునని కనిపెట్టిన రోజునే వైద్యశాస్త్రం తన పనిలో సగం పూర్తిచేసుకుంది. మిగిలిన సగం, ఆ అంకెను ఎవరు నొక్కాలన్నది. అది ఇళ్ళల్లో భార్యలకు దక్కింది.

ఈ ఇంటాయన చేతిగడియారాలు బాగుచేసే మనిషి. పేగులో కేన్సరు వచ్చి ఆపరేషనయింది. ఇప్పుడు పొద్దున, సాయంత్రం ఏదైనా తిన్నాక మాత్రలు వేసుకోవాలి. ఇదివరకు మంచమెక్కించి సూదితో ఎక్కించే మందు ఇప్పుడు డబ్బాలో ఇంటికి వస్తోంది కనుక, ఆసుపత్రి కూడా ఫోన్లో ఇంటికి వచ్చింది. దాన్ని దూర సంరక్షణ విభాగం అంటారు. అందులో ఒక ఫార్మసిస్టు అమ్మాయి ఉంటుంది. రోజూ సాయంత్రం యాప్ అడుగుతుంది: నోట్లో పుండ్లు, వాంతులు, విరేచనాలు, అరిచేతులు, అరికాళ్ళు. సున్నా అంటే ఏమీ లేదు. నాలుగంటే భరించలేనంత. చివర్లో పచ్చదో, పసుపుదో, ఎర్రదో ఒక దీపం వెలుగుతుంది.

ఇంటావిడ డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయింది. (ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ గుర్తులేదు కనుక ఆవిడే గుర్తుపెట్టుకోవలసి వస్తోంది.) ఆవిడకు ప్రశ్న కనబడితే పక్కన మార్కు కనబడుతుంది. పైగా తను కాచి చల్లార్చిన నీళ్ళు తాగే మనిషికి విరేచనాలని రాయడం, తన గిన్నెల మీద తనే ఫిర్యాదు చేసుకున్నట్టు అనిపించింది. మొదటి సాయంత్రం పచ్చ దీపం వెలిగి, దాని పక్కన చప్పట్లు కొట్టే రెండు చేతుల బొమ్మ వచ్చింది. ఆవిడకు ఎవరైనా చప్పట్లు కొట్టి చాలాకాలమైంది.

ఆ మర్నాటికల్లా ఇంట్లో బాధల నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు, కార్యదర్శి, తనిఖీ అధికారిణి ఆవిడే. దరఖాస్తుదారు ఆయన.

“ఇవాళ ఐదుసార్లు వెళ్ళాను,” అన్నాడాయన.

“తెల్లారగట్టది లెక్కలోకి రాదు. అది ఎప్పుడూ ఉన్నదే.”

“సరే, నాలుగు.”

“మధ్యాహ్నం ఊరికే కూర్చుని వచ్చారు.”

“కడుపులో మెలిపెడితే కూర్చున్నానే.”

“కడుపునొప్పికి వేరే ప్రశ్న ఉంది. అది అయిపోయింది.”

దరఖాస్తు తిరస్కరించబడింది. సున్నా.

నోటి పుండ్ల విషయంలో, కూరలో కారం తగ్గించాక కూడా మండితేనే పుండుగా పరిగణించాలని తీర్మానమైంది. కారం పూర్తిగా మానేశారు కనుక పుండు లేదు. అరిచేతుల దగ్గర మాత్రం సంఘం కాస్త ఇబ్బంది పడింది. అవి ఎర్రగా కందిపోయి, వేళ్ళ చివర పొరలు లేస్తున్నాయి. పట్టకారుతో స్క్రూ తియ్యబోతే అది జారి బల్ల కిందికి పోయింది. ఎవరిదో గడియారం మూత తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చేతులకు పని చెబితేనే నొప్పి కనుక, పని చెప్పకపోతే నొప్పి లేనట్టేనని ఆవిడ తేల్చింది. సున్నా.

(నిజానికి ఇది మార్కుల గొడవ కాదు. మాత్రలతో ఇచ్చిన కాగితంలో “బాధలు ఎక్కువైతే మందు ఆపవలసి రావచ్చు” అని ఉంది. ఆయన తనకు మిగిలేది ఆ మందువల్లేనని ఆవిడ నమ్మకం. ఆ వాక్యం తర్వాత ఉన్నదంతా కూడా చదివింది గాని, బుర్రకెక్కలేదు.)

కొన్నాళ్ళు వరసగా పచ్చ దీపాలు వెలిగాక, ఫార్మసిస్టు అమ్మాయి వీడియో కాల్ చేస్తానని కబురు పెట్టింది. అభినందించడానికేనని ఆవిడ అనుకుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు గోడలు కూడా కనిపిస్తాయి కనుక కర్టెన్లు మార్చింది. ఆయన్ను ఉతికిన చొక్కాతో కూర్చోబెట్టి, తను ఫోను వెనక నిలబడింది.

“బాబాయిగారూ, మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?”

“వేసుకుంటున్నానమ్మా.”

“నిజంగా?”

“ఏంటమ్మా ఆ అడగడం? నా చేత్తో ఇస్తుంటే,” అంది ఫోను వెనకనుంచి ఆవిడ.

“వెనకాల ఎవరండీ?”

“సంఘం,” అన్నాడాయన.

అమ్మాయి నవ్వలేదు. “ఈ మాత్ర వేసుకుంటూ ఇన్ని సున్నాలు ఎవరికీ రావు బాబాయిగారూ. ఇలా వచ్చాయంటే మా దగ్గర రెండే అర్థాలు. ఒకటి, మాత్రలు చెత్తబుట్టలోకి పోతున్నాయి.”

“రెండోది?” అంది ఆవిడ.

“ఇంట్లో ఎవరో చాలా శ్రద్ధగలవాళ్ళు ఉన్నారు.”

చేతులు చూపించమంది. ఆయన చూపించాడు. అవి ఎర్రగా కనిపించడం లైటు తప్పని సంఘం వివరణ ఇచ్చింది.

“సరే. ఆ పై గుండీ ఒక్కసారి విప్పి మళ్ళీ పెట్టండి.”

ఇది సిలబస్‌లో లేని ప్రశ్న. గుండీ ఎలాగో విప్పాడు. పెట్టబోతే జారింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. వెంట్రుకంత స్ప్రింగును ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టే వేళ్ళవి. అప్పుడు పక్కనుంచి ఒక ఆడమనిషి చెయ్యి తెరలోకి వచ్చి, గుండీ పెట్టి, కాలరు సర్ది, తెరలోంచి వెళ్ళిపోయింది.

అమ్మాయి ఏదో రాసుకుంది.

“రోజూ మీరే పెడుతున్నారా అమ్మా?”

“ఆయనైతే ఆలస్యమవుతుందని...”

“దాన్ని మూడు అంటారమ్మా.”

ఆవిడ ఫోను ముందుకు వచ్చింది. జుట్టు కూడా సర్దుకోలేదు. “మూడైతే మందు ఆపేస్తారా?”

“కొన్నాళ్ళు ఆపుతాం. చర్మం మానాక డాక్టరుగారు డోసు తగ్గించి మళ్ళీ ఇస్తారు. ఎక్కువమందికి అలాగే చేస్తాం. చెప్పకుండా దాచి, ఒంట్లో నీళ్ళన్నీ పోయాక ఆసుపత్రికి మోసుకొస్తారు చూడండి, మందు పూర్తిగా మానేయాల్సి వచ్చేది వాళ్ళకి. ఇవాళ సాయంత్రం మాత్ర వెయ్యకండి. డాక్టరుగారితో మాట్లాడి ఇప్పుడే ఫోన్ చేస్తాను.”

తెర ఆరిపోయింది.

“ఫస్టు క్లాసు,” అన్నాడాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని. “ఆపుతారన్న ముక్క దగ్గరే ఆగిపోయావు. కింద ఇంకో ముక్క ఉండే ఉంటుంది.”

“మీరైనా చదవచ్చుగా.”

“నువ్వు చదివావుగా అని ఊరుకున్నా.”

డాక్టరుగారు మర్నాడే తీసుకురమ్మన్నారు. ఆ సాయంత్రం సంఘానికి దరఖాస్తుదారే అధ్యక్షత వహించాడు. ఐదుసార్లంటే ఐదుసార్లే లెక్కపెట్టారు. తెల్లారగట్టది కూడా లెక్కలోకి వచ్చింది. ఎర్ర దీపం వెలిగింది. చప్పట్లు లేవు. ఆయన చాలాకాలానికి కంటినిండా నిద్రపోయేవాడిలా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఫోను పక్కన పెట్టబోతుంటే కొత్త పేజీ తెరుచుకుంది. “ఇప్పుడు ఇంట్లో చూసుకునేవారి గురించి కొన్ని ప్రశ్నలు,” అంది యాప్. నిద్ర, ఆకలి, భయం.

ఆవిడ నిజాయితీగానే ఆలోచించింది. బాత్‌రూము తలుపు చప్పుడయినప్పుడల్లా మెలకువ వస్తోంది గాని, మంచం మీదే ఉంటోంది కనుక అది నిద్రే. మధ్యాహ్నం తనకని మూతపెట్టుకున్న కంచం ఇంకా పొయ్యి పక్కనే ఉంది గాని, వండడమైతే వండింది. భయం ఎప్పుడూ ఉన్నదే, లెక్కలోకి రాదు.

మూడు సున్నాలు నొక్కింది. పచ్చ దీపం వెలిగింది. చప్పట్లు కొట్టే చేతులు రెండూ వచ్చాయి.