దుర్గవ్వ పెరట్లో కందకం

పిల్లలు బాగుపడాలంటే ఏడాదికొక యుద్ధం రావాలి. నవ్వకండి. నమ్మకం లేకపోతే బెల్లంపల్లి వెళ్ళి దుర్గవ్వనడగండి!

అరవై అయిదులో పాకిస్తాన్‌తో యుద్ధం రాకముందు ఆమె కొడుకు ఎల్లేశం స్నానమంటే ఇంటికప్పు ఎక్కేవాడు. రామచంద్రం సారు బడిలో బాలసేన పెట్టి వాణ్ణి కెప్టెన్‌ను చేశాడు. ఇంకేముంది! పొద్దున్నే చన్నీళ్ళు పోసుకొని, రోకలి భుజాన వేసుకొని లెఫ్ట్ రైట్ మొదలుపెట్టాడు. రోకలి సైన్యంలో చేరడంతో ఇంట్లో కారం దంచడం ఆగిపోయింది. దేశం కోసం నాలుగు రోజులు చప్పిడి తినలేమా?

పెరట్లో బీరపాదు పీకి కందకం తవ్వారు. పక్కింటి బాబు మియా మేక హద్దు దాటి ఖైదయింది. "జర మేకనియ్యి కెప్టెన్ సాబ్, పాలు పిండాలె" అని ఆయన బతిమాలుకున్నాడు. రాత్రిపూట దీపాల వెలుగు విమానాలకు కనబడకుండా కిటికీలకు నల్లకాగితం అంటించమంటే అంటించారు. బొగ్గుపొడి కమ్మిన ఆ అద్దాలకు పెద్ద తేడా ఏమీ రాలేదు. బొగ్గుబాయిలో పనిచేసే తండ్రి గట్టయ్య, డ్యూటీ దిగి నడుం పట్టేసి వచ్చినా, కొడుక్కి సెల్యూట్ కొట్టాకే గుమ్మం దాటాలి. ఇంతకన్నా క్రమశిక్షణ ఎక్కడుంది?

ఒకే ఒక్క చిన్న పొరపాటు జరిగింది. సారు కొత్తగా ధర్మపురి నుంచి వచ్చినవాడు. విమానాలొస్తే దాక్కోవడం నేర్పాలని చేత్తో తిప్పే సైరన్ తెప్పించి, ఒక మధ్యాహ్నం ఇళ్ళ మధ్యన ఎల్లేశం చేత తిప్పించాడు. ఆ ఊళ్ళో షిఫ్టు వేళకు సైరన్ మోగితే డ్యూటీ అని, వేళ తప్పి మోగితే బాయిలో ఏదో కూలిందని ఆయనకేం తెలుసు?

కందకంలోకి ఒక్కరూ దిగలేదు. పిండి చేతులు కూడా కడుక్కోకుండా ఆడవాళ్ళంతా బాయివైపు పరుగెత్తారు.

కెప్టెన్ తల్లికి అడ్డం నిలబడ్డాడు. "అవ్వా, కందకంల పండుకో. విమానాలస్తున్నయ్."

"రానియ్యిరా. మీ బాపు కిందున్నడు" అని దుర్గవ్వ వాణ్ణి తోసేసి పోయింది.

అప్పుడు అర్థమైంది వాడికి. రోకలి పారేసి, "ఏం గాలే అవ్వా, నేనే తిప్పిన" అని ఏడుస్తూ వెంటపడ్డాడు. ఆమెకు వినబడలేదు. బాయి మీది గుమాస్తా ఏమీ కాలేదని చెప్పినా అక్కణ్ణుంచి కదలలేదు. షిఫ్టు అయ్యి, గట్టయ్య నల్లటి మొహంతో పైకొచ్చి "ఏమైందే, గింతమంది వచ్చిండ్రు?" అన్నాకే ఆమె ఇంటిదారి పట్టింది. ఇల్లు చేరాక కెప్టెన్ వీపు విమానం మోత మోగింది.

కొన్నాళ్ళకు యుద్ధం ముగిసింది. మిఠాయిలు పంచి, బాలసేనను రద్దు చేసి, ఇక ఎవరూ భయపడక్కర్లేదని సారు ప్రకటించాడు. రోకలి ఇల్లు చేరింది.

మర్నాడు గట్టయ్య సద్దిగిన్నె పట్టుకొని మొదటి షిఫ్టుకు బయలుదేరుతుంటే, మాజీ కెప్టెన్ గుమ్మంలో నిలబడి తనే సెల్యూట్ కొట్టాడు. దుర్గవ్వ కారం దంచడానికి కూర్చుంది. నాలుగు పోట్లు వేయడం, రోకలి ఆపి సైరన్ మోగుతోందేమోనని వినడం, మళ్ళీ దంచడం. యుద్ధానికి ముందు కూడా ఆమె అలాగే దంచేది.