ప్రపంచశాంతి ఫ్లెక్సీలో ఒక మడత

ఆ శనివారం పొద్దున పనిసాలెస్ వారింట్లో పనులు మూడే మూడు. గేటుకి ఫ్లెక్సీ కట్టాలి. పావురాలను బుట్టల్లో సర్దాలి. పదింటికి నార్వే నుంచి వచ్చే సోల్వైగ్ మేడమ్ ముందు ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల చేతులు కలిపించాలి. ఆపైన భోజనాలు. ఇందులో చెడిపోవడానికేముందని ఎవరైనా అనుకుంటారు. పనిసాలెస్ వారి సంగతి తెలిసినవాళ్లు మాత్రం అనుకోరు.

పనిసాలెస్ ప్రపంచశాంతి, అంతర్జాతీయ సహకార సంస్థ ఆ ఇంటి ముందుగదిలోనే ఉంటుంది. పెట్టింది పెర్ఫెక్తా అమ్మగారూ, ఆవిడ భర్తా. ఆయన పోయాక అధ్యక్షుడు పెద్దకొడుకు ఫిలొమెనో. కార్యదర్శి కూతురు యులాలియా. అంతర్జాతీయ సహకారానికి ఉపాధ్యక్షుడు ఆ యులాలియా మొగుడు, అంటే ఇంటి అల్లుడు, క్రిస్పిన్. అంతర్జాతీయంగా అతను చేసిన సహకారం ఒకసారి హాంకాంగ్ వెళ్లి మడతకుర్చీలు తేవడం. ఈ కథ చెబుతున్నది ఆ క్రిస్పినే. 'నేను' అని చెప్పుకోవడానికి మొహం చెల్లక అల్లుడు అంటున్నాడు.

పంతొమ్మిదేళ్లలో ఆ సంస్థ చెట్లు నాటింది, టీషర్టులు పంచింది, పావురాలను ఎగరేసింది. అవి యులాలియా పెంచుకునే పావురాలు కాబట్టి సాయంత్రానికల్లా పక్కనే ఉన్న ఆమె ఇంటికప్పు మీదికి చేరేవి. ఇన్నేళ్లలో ఒక్క తగాదా కూడా తీర్చలేదన్న సంగతి, యూరప్‌లోని సమాఖ్య ఉత్తరం రాసేదాకా ఎవరికీ తట్టలేదు. ఒక్క తగువైనా మేం పంపే సోల్వైగ్ మేడమ్ ఎదుట తీర్చి చూపించండి, లేకపోతే సభ్యుల జాబితాలోంచి మీ పేరు తీసేస్తాం అన్నది ఆ ఉత్తరం. పెర్ఫెక్తా అమ్మగారు దాన్ని రెండుసార్లు చదివి భర్త ఫోటో దగ్గర పెట్టారు.

"మీ నాన్న పోతూ పోతూ నా చేతిలో పెట్టింది ఇదొక్కటే. నా కళ్లముందే దీన్ని కొట్టేయించకండి" అన్నారు పిల్లలతో.

అదృష్టవశాత్తూ వెనక ఇళ్లలోనే ఒక తగువు దొరికింది. రుఫీనో పందెం కోడి తెల్లవారకముందే తియొదోరా కిటికీ కింద కూస్తుంది. నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. భోజనం పెడితే వేదిక మీద చేతులు కలుపుతామని ఒప్పుకున్నారు.

ఇక ఫ్లెక్సీ. అందులో కుటుంబమంతా వరసగా నవ్వుతూ ఉంది. ఫ్లెక్సీ పద్దెనిమిది అడుగులు. గేటు గుంజల మధ్య దూరం పదహారు. అల్లుడు కాసేపు ఆలోచించి, కుడి చివర రెండడుగులు వెనక్కి మడిచి కట్టేశాడు. ఆ మడతలోకి యులాలియా వెళ్లిపోయింది. చూసుకోలేదంటే అబద్ధం. చూశాడు. ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాడు.

ఎనిమిదింటికి యులాలియా ఆ రోజు భోజనాలకు వండిన సూపు గిన్నె ఎత్తుకుని వచ్చింది. గేటు దగ్గర ఆగి ఫ్లెక్సీని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"ఎవరు కట్టించారిది?" అంది మెల్లగా.

"మీ అన్నయ్యే కట్టమన్నాడు" అన్నాడు అల్లుడు. అది నిజమే. నిజంలో తనకు పనికొచ్చే సగం.

మా ఇలోయిలో ఊళ్లో అలిగినవాళ్లు అరవరు. నోరు మూసుకుని వెళ్లిపోతారు. బాధపెట్టినవాళ్లు వెనకాలే వెళ్లి బతిమాలాలి. ఎవరు బతిమాలాలో, ఎంతసేపట్లో బతిమాలాలో అందరికీ పుట్టుకతోనే తెలుసు. యులాలియా గిన్నెతో సహా వెనక్కి తిరిగింది. కాసేపటికి మళ్లీ వచ్చి పావురాల బుట్టలు కూడా పట్టుకుపోయింది.

ఫిలొమెనో కొత్త చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. "లాలి ఏది?" అన్నాడు చెల్లెలి కోసం చూస్తూ.

"ఇంటికెళ్లింది."

"సూపు?"

"సూపూ వెళ్లింది."

"మరి పావురాలు?"

"అవి కూడా అలిగినట్టున్నాయి."

అప్పుడే నాలుగడుగులు వేసి చెల్లెల్ని బతిమాలుకుంటే పోయేది. తానేం తప్పు చేశాడో తెలియని ఫిలొమెనోకి పౌరుషం పొడుచుకొచ్చింది. కార్యక్రమం కాగితంలో చెల్లెలి పేరు కొట్టేసి, ఆ కాగితాన్ని ఆమెకే పంపించాడు. ఆమె దాన్ని చదివి, తల దువ్వుకుని, నేరుగా బరంగాయ్ ఆఫీసుకు, అంటే మా పేట పంచాయతీకి వెళ్లి అన్నమీద ఫిర్యాదు రాసిచ్చింది. మా దగ్గర ఇరుగుపొరుగు తగువేదైనా కోర్టుకన్నా ముందు ఊరి కెప్టెన్ ఎదుట కూర్చోవాలి. రాజీ కుదర్చడం ఆయన పని.

ఈలోగా రుఫీనో, తియొదోరా వచ్చి కూర్చున్నారు. భోజనం లేదని తెలిసింది. అంతవరకూ చెరో చివర ఉన్నవాళ్లు బెంచీ మధ్యకు జరిగారు.

"పిలిచి పస్తు పెట్టే మనుషులు వీళ్లు. నాకెప్పుడో తెలుసు" అంది తియొదోరా.

"నాకూ తెలుసు, మనాంగ్" అన్నాడు రుఫీనో. నాలుగేళ్లలో ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు. "పోనీ, ఆ కోడిని కోసేద్దామా? ముసలిదైపోయింది, పందేలకీ పనికిరాదు."

ఇద్దరూ కలిసి ఆమె వంటింటికి వెళ్లిపోయారు. సంస్థకు దొరికిన ఒకే ఒక్క తగువు అలా సంస్థ ప్రమేయం లేకుండానే తీరిపోయింది.

సరిగ్గా పదింటికి సోల్వైగ్ మేడమ్ దిగింది. వేదిక ఖాళీ. ఫిలొమెనో ఆమెకు చెట్ల ఫోటోలు చూపిస్తుండగా బరంగాయ్ కాపలా అతను కాగితం తెచ్చాడు: కెప్టెన్ నొనాతో గారు వెంటనే రమ్మంటున్నారు.

"ఏమిటది?" అంది మేడమ్.

"మా... శాంతి చర్చలు. పక్కనే" అన్నాడు అల్లుడు. మేడమ్ సంతోషంగా లేచి నిలబడింది.

మా వాళ్ల గొంతు గురించి ఒక్కమాట చెప్పాలి. ఎంత కోపమొచ్చినా మా మాట జోలపాటలాగే ఉంటుంది. కోపం పెరిగేకొద్దీ ఇంకా తియ్యబడుతుంది. కెప్టెన్ ఎదురుగా, తిరుగుతున్న ఫ్యాను కింద అన్నాచెల్లెళ్లు కూర్చున్నారు. ఆమెకు అతను మనోంగ్, అంటే అన్నయ్య; అతనికి ఆమె ఇందాయ్, అంటే చెల్లి.

"నా మొహం చూడ్డం ఇష్టంలేకే కదా మడిపించావు, మనోంగ్" అంది యులాలియా, పసిపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు.

"నీ మొహం మడిస్తే మడతపడే రకమా, ఇందాయ్? గుంజ విరిగేది."

"చిన్నప్పుడు నా బొమ్మ తల విరగ్గొట్టి, నేనే విరిచానని నాన్నతో చెప్పావు. అప్పటినుంచీ ఇదే బుద్ధి."

"నలభై ఏళ్లు దాచావా దాన్ని? సూపు కూడా అంతకాలం దాస్తావేమో."

మేడమ్ అల్లుడి వైపు వంగింది. "ఏమంటున్నారు?"

"చిన్ననాటి జ్ఞాపకాలు, మేడమ్."

ఆమె కళ్లు చెమర్చాయి. ఏదో రాసుకుంది.

అప్పుడే పెర్ఫెక్తా అమ్మగారు వచ్చారు. ఎవర్నీ తిట్టలేదు. ఇద్దరి మధ్యా కుర్చీ వేయించుకుని కూర్చుని, జేబురుమాలు తీశారు.

"ఎక్కడ యుద్ధం జరిగినా ఆ దేశానికి ఉత్తరం రాశాను, ఆపమని. గోడకీ గోడకీ మూడు గజాలు లేదు, నా పిల్లలిద్దరూ కాగితాలు పంపించుకుంటున్నారు. దీని గురించి నేనెవరికి రాయను?"

ఆవిడ ఏడవడం మొదలుపెట్టారు. అంత సిగ్గు అల్లుడెప్పుడూ పడలేదు. లేచి నిలబడ్డాడు.

"మనోంగ్ కట్టమన్నాడంతే. మడిచింది నేను. గుంజల మధ్య చోటు చాల్లేదు."

"మరి రెండో చివర మడవచ్చుగా?" అన్నాడు కెప్టెన్.

"ఆ చివర నేనున్నాను."

ఫ్యాను రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. ముందు ఫిలొమెనో నవ్వాడు. తర్వాత యులాలియా నవ్వలేక, ఆపుకోలేక, అన్న భుజం పట్టుకుని, "వీడికిచ్చి చేసింది నువ్వే కదా" అంది. మరుక్షణం ఇద్దరూ ఒకటై అల్లుడి మీద పడ్డారు. ఒకరు కాలరు పట్టుకున్నారు, ఒకరు విసనకర్రతో బాదారు, కుర్చీలు పడ్డాయి. రుఫీనో, తియొదోరా కోడికూర గిన్నె పట్టుకుని కేకలేస్తూ వచ్చారు. కెప్టెన్ పాటల మైకు తెప్పించాడు. మా దగ్గర గొంతులు లేచేది సంతోషంలోనే. పెర్ఫెక్తా అమ్మగారు ఏడుపులోంచే నవ్వుతూ ఇద్దరికీ వడ్డించారు. సోల్వైగ్ మేడమ్ గోడకు ఆనుకుని నిలబడి, వీలు చూసుకుని కారెక్కేసింది.

నెల తర్వాత నివేదిక వచ్చింది. అన్నాచెల్లెళ్లు జరిపిన చర్చ మృదుత్వానికి ఆదర్శమట. ఒప్పందం కుదిరిన వెంటనే తెలియని కారణాలతో హింస చెలరేగి, దుభాషిపై దాడి జరగడం మాత్రం విచారకరమట. అయినా సభ్యత్వం నిలిచింది. ఆ చర్చ తీరును వచ్చే మహాసభలో వివరించడానికి ఆహ్వానం కూడా ఉంది. పెర్ఫెక్తా అమ్మగారు ఉత్తరాన్ని కళ్లకద్దుకుని భర్త ఫోటో దగ్గరికి తీసుకెళ్లబోయారు.

"ఉండు నానాయ్, కింద ఇంకో వాక్యం ఉంది" అన్నాడు ఫిలొమెనో తల్లితో. ఆహ్వానం ఒక్కరికే.

అన్నాచెల్లెళ్లిద్దరి చేతులూ ఒకేసారి ఉత్తరం మీద పడ్డాయి.

"అధ్యక్షుణ్ణి నేను కదా, ఇందాయ్" అన్నాడు ఫిలొమెనో తేనె కారుతున్న గొంతుతో.

"ఎక్కువ మాట్లాడింది నేను కదా, మనోంగ్" అంది యులాలియా, అంతకన్నా తియ్యగా.

అల్లుడు చప్పుడు చేయకుండా లేచి, టేపు పట్టుకుని గేటు గుంజల మధ్య దూరం కొలవడానికి వెళ్లాడు.